రుచి రిజిస్టరు

వరహాలమ్మకి కోపం పొద్దున్నే కుళాయి దగ్గర మొదలవుతుంది. అయిదున్నరకి మునిసిపల్ నీళ్ళొస్తాయి. వచ్చేది నలభై నిమిషాలు, ఎగబడేది కాలనీ ఆడాళ్ళంతా. ఎంతమంది నిలబడ్డా ముందు ఆవిడ మూడు బిందెలు నిండాలి, ఆ తరవాతే ఇంకొకరు చెయ్యి పెట్టాలి. ఎవరన్నా నోరెత్తితే, "నా ఇంటికేటి మోసుకెల్తన్నాను? బళ్ళో సదువుకునే నీ గుంటలు తాగడానికే" అంటుంది.

అందులో సగమే నిజం. ఆ నీళ్ళు తాగడానికి కాదు, హైస్కూల్లో పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ వండే పప్పుకి. హైస్కూల్లో బోరుంది గాని దాని నీళ్ళు ఒట్టి ఉప్పు. ఆ నీళ్ళు పోస్తే పప్పు రెండు గంటలు ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది, నోట్లో వేసుకుంటే ఇసక నమిలినట్టుంటుంది. మొదటి ఏడాదంతా పిల్లల చేత తిట్లు తిని, ఏడ్చి, ఏడ్చి కనిపెట్టింది ఆ సంగతి. అప్పట్నించీ పదిహేడేళ్ళుగా ఒక్కో బిందే నడుం మీద పెట్టుకుని స్కూలు గేటు దాటుతోంది. ఆవిడకి తెలుసు, పక్కన కూరలు తరిగే రషీదాకి తెలుసు. మూడో మనిషికి తెలీదు. అడిగినవాళ్ళూ లేరు.

ఆ హైస్కూలు కాలనీకి ఉత్త హైస్కూలు కాదు మరి. స్టీలు ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ చేయించి, కూర్మన్నపాలెం అవతల ఈ ఎర్రమట్టిలో జనాన్ని తెచ్చి దించినప్పుడు వాళ్ళకి మిగిలిన గట్టి కప్పు అదొక్కటే. ఓటు అక్కడే, పోలియో చుక్కలు అక్కడే, వేసవి సెలవుల్లో పెళ్ళి భోజనాలు ఆ వరండాలోనే. మొగుడూ పెళ్ళాల తగువులు కూడా సాయంత్రాలు ఆ మెట్ల మీదే తీరుతాయి. హుద్‌హుద్ తుఫానుకి ఇళ్ళ రేకులన్నీ లేచిపోతే నాలుగొందల మంది మూడు రోజులు ఆ గదుల్లోనే పడుకున్నారు. విరిగిపడ్డ పచ్చి కొమ్మలు ఊది ఊది, కళ్ళు వాచిపోయి, వాళ్ళందరికీ వండి పెట్టింది వరహాలమ్మే. ఆ పంక్తిలో మొదటి వరసలో కూర్చున్నవాడు సన్యాసిరాజు. పక్కన పెళ్ళాం గౌరీశ్వరి, ఒళ్ళో మూడేళ్ళ కూతురు. సాంబారు రెండోసారి అడిగి మరీ పోయించుకున్నాడు. "అత్తా, నీ సేతిలో ఏటుందే" అన్నాడు.

ఆ సన్యాసిరాజే ఇప్పుడు ఆవిడ మీద ఫిర్యాదు రాశాడు.

సన్యాసిరాజుది వరహాలమ్మ ఊరే, ఆ ఖాళీ అయిన ఊరే. వరసకి మేనల్లుడు. ప్లాంటులో కాంట్రాక్టు పనికి మనుషుల్ని పంపిస్తాడు. రెండేళ్ళ కిందట స్కూల్లో పేరెంట్స్ కమిటీ ఎన్నిక జరిగినప్పుడు, ఆయన దగ్గర పనికెళ్ళే తండ్రులందరూ చేతులెత్తితే చైర్మన్ అయి కూర్చున్నాడు. కూతురు మధులత ఇప్పుడు తొమ్మిదో తరగతి. పెళ్ళానికొక డ్వాక్రా గ్రూపుంది, వరహాలమ్మ గ్రూపు చేతిలో ఉన్న స్కూలు వంట ఆ గ్రూపుకి కావాలి. అసలు కథ అదీ.

జూన్‌లో స్కూలు తెరిచిన వారమే వంటగది గుమ్మంలో నిలబడి మెత్తగా అడిగాడు. "పదిహేడేళ్ళు సేసినావత్తా, ఇంక ఒగ్గీ. మాయావిడ సూసుకుంతాది."

"నా సేతులు పడిపోనాక వచ్చి అడుగు" అంది వరహాలమ్మ, గరిటె ఆపకుండా.

"ఈసారొచ్చేది అడగడానికి కాదు" అన్నాడు వాడు. అని వెళ్ళిపోయాడు.

జులై ఆఖరి రోజు, గురువారం మధ్యాహ్నం, తొమ్మిదో తరగతి కుర్రాళ్ళు నలుగురు వాంతులు చేసుకున్నారు. ఆ పూట తిన్నది రెండొందల ఎనభై మంది, కక్కింది నలుగురు. ఆ నలుగురూ ఇంటర్వెల్లో గేటు బయట బండి మీద చికెన్ పకోడీ తిన్నారని, మొహాలు కడిగిన రషీదాకి వాళ్ళే చెప్పారు. మళ్ళీ ఎవరు అడిగినా చెప్పలేదు. బండివాడు ఇంకోసారి అరువు పెట్టడని భయమో, మరేం భయమో. రషీదా చెబితే తప్పు కప్పుకోడానికి అంటోందన్నారు అందరూ. శుక్రవారానికల్లా ఫిర్యాదు తయారు. శనివారం హెడ్మాస్టరు గంగాధరరావు వరహాలమ్మని ఆఫీసు గదిలోకి పిలిచి, దాని నకలు చదివి వినిపించాడు.

"జులై నెలంతా నేను ప్రతిరోజూ పన్నెండు గంటలకు పాఠశాలకు వెళ్ళి స్వయంగా రుచి చూశాను. సాంబారు పులిసిపోయి ఉండేది. అన్నం ముక్కిపోయిన వాసన. వంట మనిషిని ఎన్నిసార్లు మందలించినా లెక్కచేయలేదు. ఈమె పెట్టే కుళ్ళిన కూడు తిని మా పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు."

వరహాలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "రోజూ వచ్చినాడా? ఎప్పుడొచ్చినాడు బాబూ? సోమారం సోమారం వచ్చి, సంతకాలు గీకి, మీ బల్ల మీద టీ తాగి పోనాడు కాదేటి?"

గంగాధరరావు తల పైకెత్తాడు. పైన ఫ్యాను తిరుగుతోందో లేదో చూశాడు.

సంతకాల సంగతి చెప్పాలి. రుచి రిజిస్టరని ఒక పుస్తకం ఉంటుంది వంటగదిలో. రూలు ప్రకారం రోజూ బెల్లు కొట్టే ముందు హెడ్మాస్టరు, పేరెంట్ ఒకరు, వండిన మనిషి, ముగ్గురూ తలా ఒక ముద్ద తినాలి. ఎలా ఉందో రాసి సంతకాలు పెట్టాలి. అప్పుడు పిల్లలకి పెట్టాలి. రూలు రాసినవాడు మంచి బుద్ధితోనే రాశాడు. కాని హెడ్మాస్టరుకి మీటింగులు, చైర్మనుకి ప్లాంటు గేటు దగ్గర పనులు, వరహాలమ్మకి పొయ్యి మీద మూడు డేక్సాలు. అందుకని ఆ స్కూల్లో ఒక ఆనవాయితీ పడింది. సోమవారం పొద్దున్నే గంగాధరరావు పచ్చ సిరాతో ఆ వారం ఆరు రోజులకీ "రుచి బాగుంది" అని రాసేస్తాడు. సన్యాసిరాజు ఆరు గీతల్లోనూ జిలేబీ చుట్టలాంటి సంతకం చుట్టేస్తాడు. ఆఖర్న వరహాలమ్మని కేకేస్తారు.

ఆవిడ మాత్రం ఆ సంతకానికి తయారై వెళ్ళేది. మూడేళ్ళ కిందటి దాకా వేలిముద్రే. ఆరో తరగతిలో ఉండగా మధులత, సన్యాసిరాజు కూతురే, వంటగది గడప మీద కూర్చుని బొగ్గుముక్కతో నేల మీద రాయించి రాయించి నేర్పింది. అయిదక్షరాలు. "హా"కి దీర్ఘం, ఆఖర్న "మ్మ"కి ఒత్తు. సోమవారం నాడు శనివారం సాంబారుకి సంతకం పెడుతున్నానే అని ఏనాడూ అనుకోలేదు ఆవిడ. వంకర లేకుండా వచ్చిందా లేదా అని చూసుకునేది. తప్పు ముగ్గురిదీనూ. ఆవిడ తప్పు తక్కువేం కాదు.

సోమవారం కుళాయి దగ్గర కాంతం ఎదురైంది. కాంతం కొడుకులిద్దరూ ఆవిడ చేతి కూడు తిని పదో తరగతి దాటినవాళ్ళు, మూడోవాడు ఏడులో ఉన్నాడు. "అప్పా, ఏటనుకోకు. గుంటడికి కేరేజీ కట్టేత్తన్నాను" అంది మొహం పక్కకి తిప్పుకుని. వెనక ఇంకెవరో ఇకిలించారు. వరహాలమ్మ ఆ రోజు ఎవరినీ ఏమీ అనలేదు. మూడు బిందెలూ మోసుకెళ్ళింది. మధ్యాహ్నం లైను సగమే ఉంది, బడా డేక్సాలో అన్నం మిగిలిపోయింది. పదిహేడేళ్ళలో అన్నం మిగలడం అదే మొదటిసారి. డేక్సా అడుగు గీకుతూ రషీదా ఏడ్చింది. వరహాలమ్మకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పని పోతే పోయింది, ప్లాంటు క్యాంటీన్ల దగ్గర గిన్నెలు కడుక్కునైనా బతకొచ్చు. వరహాలమ్మ కుళ్ళబెట్టి పెట్టింది అన్న మాట ఈ కాలనీలో నిలబడిపోతే, ఆవిడ పదిహేడేళ్ళూ ఏం చేసినట్టు?

శుక్రవారం విచారణ అన్నారు. మండల విద్యాధికారి జ్యోతిర్మయి గారు వస్తున్నారు. గురువారం సాయంత్రం, పిల్లలంతా వెళ్ళిపోయాక, గంగాధరరావు తనే నడుచుకుంటూ వంటగదికొచ్చాడు. ఎన్నడూ రానివాడు. మసి అంటకుండా గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"రిజిస్టరు ఎక్కడుంది వరహాలమ్మా?"

చింతపండు డబ్బా పైన అరలో ఉంది. ఆవిడ చూపించింది, తియ్యలేదు.

"దానిలో ఒక పేజీతో చిక్కుంది" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "జులై రెండో వారం. సోమవారమే ఆరు రోజులకీ పెట్టేశాం కదా. గిరి ప్రదక్షిణకి బుధవారం లోకల్ హాలిడే అని మంగళవారం సాయంత్రం అనుకున్నాం. ఆ గీత కొట్టెయ్యడం మర్చిపోయాను. స్కూలు లేని రోజు మనం ముగ్గురం రుచి చూసినట్టు ఉంది అందులో."

వరహాలమ్మకి గుర్తుంది ఆ రోజు. సింహాచలం కొండ చుట్టూ నడిచింది, అందరితో పాటు.

"అది బయటపడితే నాకు మెమో వస్తుంది. ఎనిమిది నెలల్లో రిటైరవుతున్నాను. నిన్నూ ఉంచరు, దొంగ సంతకం నీదీ ఉంది. అందుకని నేను చెప్పేది విను. రిజిస్టరు దొరకలేదంటాను. నువ్వు ఆరోగ్యం బాగోలేదని ఒక కాగితం రాసిచ్చి తప్పుకో. వాడికి కావలసింది అదే, ఫిర్యాదు వదిలేస్తాడు. దువ్వాడ వైపు ఎలిమెంటరీ స్కూల్లో నీకూ రషీదాకీ వంటపని నేను మాట్లాడి పెడతాను. హెడ్మాస్టరు నా క్లాస్‌మేటే."

"మరి కూడు కుల్లిపోనాదని రాసినాడు కదా బాబూ, అది?"

"అది ఏదో ఫైల్లో పడి ఉంటుంది. ఆ కాగితం ఎవడు చూస్తాడు?"

"కాగితం ఎవులూ సూడరు. కాంతం కొడుకు కేరేజీ అందరూ సూత్తన్నారు."

"ఆలోచించుకో" అని చెయ్యి చాపాడు ఆయన, పుస్తకం కోసం.

"రేపిత్తాను" అంది వరహాలమ్మ. ఆయన నిలబడి నిలబడి వెళ్ళిపోయాక అర మీంచి తీసి, పైట కొంగులో చుట్టి ఇంటికి పట్టుకుపోయింది.

శుక్రవారం పదకొండింటికి ఆఫీసు గది కిటికీలన్నీ మనుషులే. సన్యాసిరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన దగ్గర పనిచేసే పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. పెళ్ళాం గౌరీశ్వరి వరండాలో తన గ్రూపు ఆడాళ్ళ మధ్య నిలబడింది, అప్పుడే వంట చేతికొచ్చినట్టు కొంగు బిగించి. జ్యోతిర్మయి గారికి నలభై కూడా ఉండవు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ముందు ఆ నలుగురు కుర్రాళ్ళనీ పిలిచి ఏం తిన్నార్రా అని అడిగింది. వాళ్ళు సన్యాసిరాజు మొహం చూశారు, నేల చూశారు. "అన్నం" అన్నాడు ఒకడు. మిగతావాళ్ళు తలూపారు.

"రుచి రిజిస్టరు ఇవ్వండి" అంది ఆవిడ.

"దొరకడం లేదు మేడమ్" అన్నాడు గంగాధరరావు. "వెతికిస్తున్నాను."

గది మూలన నిలబడ్డ వరహాలమ్మ ముందుకొచ్చి, కొంగులోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. పసుపు మరకల అట్ట. గంగాధరరావు మొహంలో నెత్తురు చుక్క లేదు.

జ్యోతిర్మయి గారు జులై పేజీలు తిప్పింది. "రుచి బాగుంది. రుచి బాగుంది. రోజూ ఇదే ఉంది. ఈ సంతకం మీదేనా?"

"నాదే మేడమ్" అన్నాడు సన్యాసిరాజు.

"పులిసిపోయింది, ముక్కిపోయింది అని ఫిర్యాదులో రాశారు. ఇక్కడ బాగుందని సంతకం పెట్టారు. ఏది నిజం?"

వాడు తడుముకోలేదు. వాడి గొప్పతనం అదే, ఏ గొయ్యి దగ్గరా ఆగడు. "జాలిపడి ఎట్టినాను మేడమ్. ఈవిడకి మొగుడు లేడు, కొడుకు లేడు. పోనీలే అనుకున్నాను. అదే నా తప్పు. కాని రుచి సూడ్డం మాత్రం ఒక్క రోజు మానలేదు. పన్నెండింటికి ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి, నా నోటితో తిని, ఆ తరవాతే మా పిల్లల్ని తిననిచ్చినాను. ఆ కూడు నోట్లో ఎట్టుకుంటే కడుపులో తిప్పేసేది. సింహాద్రి అప్పన్న సాచ్చిగా సెప్తన్నాను."

కిటికీల దగ్గర గుసగుస లేచింది. ఆడాళ్ళు ఒకరిద్దరు అయ్యో అన్నారు. నమ్మేశారు. వరహాలమ్మ విన్నది. అత్తా అని పిలిచినవాడు ఈవిడ అంటున్నాడు, పదిహేడేళ్ళ కూటి మీద అప్పన్న పేరు చెప్పి ఉమ్మేస్తున్నాడు. బల్ల అవతల గంగాధరరావు ఆవిడ వంకే చూస్తున్నాడు. చిన్నగా తల అడ్డంగా ఊపాడు, వద్దు అని. ఊరుకుంటే దువ్వాడలో పొయ్యి ఉంది. రషీదాకీ ఉంది. నోరు విప్పితే ఏదీ లేదు. ఆవిడకి ఆ లెక్క అర్థం కాక కాదు.

"అమ్మా" అంది జ్యోతిర్మయి గారితో. "ఇంకో రెండు పేజీలు తిప్పండి. గిరి ప్రదచ్చిన రోజు సూడండి."

ఆవిడ తిప్పింది. వేలు ఒక గీత దగ్గర ఆగింది. గోడ మీది క్యాలెండరు వైపు ఒకసారి చూసి, మళ్ళీ పుస్తకం చూసింది. "ఆ రోజు మీరు లోకల్ హాలిడే తీసుకున్నారు కదండీ?"

"అవును మేడమ్" అన్నాడు గంగాధరరావు, వినపడీ వినపడనట్టు.

"స్కూలే లేదు ఆ రోజు" అంది వరహాలమ్మ. ఇంక ఆవిడ గొంతు గది దాటి వరండా దాకా వెళ్ళింది. "ఈయన హనుమంతవాక కాడ టెంటేసి కాలనీ కుర్రోళ్ళతో పులిహోర పంచినాడు. నడిసినోళ్ళందరూ సూసినారు. నా దొప్పలో కూడా ఏసినాడు. మరి పన్నెండింటికి ఇక్కడ ఏటి తిని బాగుందన్నాడో అడగండి. ఒక్క రోజూ మానలేదు కదా. అప్పన్ననే సాచ్చి ఎట్టినాడు, ఆ రోజు అప్పన్న కొండ సుట్టూనే ఉన్నాం అందరం."

కిటికీ దగ్గర ఎవరో పకపకా నవ్వారు. వాడి మనుషుల్లోనే ఒకడు. ఆ నవ్వు వరండాలోకి పాకింది. సన్యాసిరాజు చెవులు ఎర్రబడ్డాయి. బల్ల మీదికి వంగి పుస్తకం చూశాడు, కళ్ళు ఆ గీత వెంట కిందికి జారాయి. అక్కడ వాడికి కావలసింది దొరికింది.

"మేడమ్, నా సంతకం ఒకటే సూత్తన్నారు. దాని కింద ఎవరిదుందో సూడండి. ఈవిడేటి వండింది ఆ రోజు?"

నవ్వు ఆగిపోయింది. జ్యోతిర్మయి గారు పుస్తకం తిప్పి వరహాలమ్మ ముందు పెట్టింది. "ఇది నీదా?"

"నాదే అమ్మా. అయిదచ్చరాలూ నాయే."

"వండని రోజు వండినట్టు సంతకం పెట్టావా?"

"ఎట్టినాను. సోమారమే వారమంతటికీ ఎట్టేత్తాం ముగ్గురం. రెండేళ్ళ నించీ అదే. ఈయనా ఏ రోజూ తినలేదు, ఈ బాబూ తినలేదు. తిన్నది పిల్లలు."

గంగాధరరావు రెండు చేతులూ బల్ల మీద పెట్టి, వాటి మధ్యకి తల వంచేశాడు.

"ఆ రోజు బియ్యం తీశారా?"

"లేదు మేడమ్" అన్నాడు తల ఎత్తకుండానే. "గింజ కూడా కదల్లేదు."

జ్యోతిర్మయి గారు వరహాలమ్మ వైపు తిరిగింది. "ఈ పేజీ చూపిస్తే నీ పని కూడా పోతుందని తెలుసా నీకు?"

"తెల్సు. నిన్న సాయంత్రమే తెల్సింది."

"మరెందుకు చూపించావు?"

"దొంగ సంతకం ఎట్టినాను, అది నా తప్పు. దానికి పొమ్మంటే పోతాను, కాదనను. పిల్లలకి కుల్లిపోయిన కూడు ఎట్టిందని పొమ్మంటే మాత్రం ఈ గది కదల్ను. పదిహేడేళ్ళలో ఒక్క పూట ఎట్టలేదు. ఆ మాట ఈ కాగితమ్మీంచి పోవాల."

జ్యోతిర్మయి గారు చాలాసేపు రాసింది. రాసినదాన్ని పైకి చదివింది, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా. చైర్మనుగా సన్యాసిరాజుని తప్పించి కమిటీకి మళ్ళీ ఎన్నిక. హెడ్మాస్టరుకి మెమో. తప్పుడు సంతకం చేసినందుకు వరహాలమ్మ గ్రూపు నుంచి వంట తప్పించి, సోమవారం నుంచి జాబితాలో తరవాతి గ్రూపుకి.

"తరవాతి గ్రూపు ఎవరిది?" అని అడిగింది పెన్ను పట్టుకుని.

గంగాధరరావు ఫైల్లోంచి జాబితా తీశాడు. "గౌరీశ్వరిది మేడమ్. వీరి భార్య."

పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఆవిడ వరండా వైపు చూసింది, ఫైలు చూసింది. జాబితా జాబితాయే. రాసేసింది. వరండాలో గౌరీశ్వరి కొంగు మళ్ళీ ఒకసారి బిగించింది. వరహాలమ్మ పళ్ళు పటపట కొరికింది. మనసులో అనుకుంది. రానీ, సోమవారం ఆ బోరు తిప్పి పప్పు పడేస్తుంది కదా, మధ్యాహ్నం దాకా పలుకులు చూసుకుంటూ కూర్చుంటుంది, అప్పుడు తెలుస్తుంది. చెప్పను. చచ్చినా చెప్పను.

"మరి కూడు సంగతి రాయలేదమ్మా" అంది పైకి.

జ్యోతిర్మయి గారు గడియారం చూసింది. పన్నెండు కావస్తోంది. "ఈ రోజు వండింది ఇక్కడికి తెప్పించు. నాకూ ఒక కంచం. రూలు ప్రకారం చేద్దాం, ఒక్క రోజైనా."

రషీదా కంచాలు తెచ్చింది. అన్నం, సాంబారు, గుడ్డు. తొందరలో ఒక కంచం అంచున సాంబారు తొణికింది. జ్యోతిర్మయి గారు తింది. గంగాధరరావు తిన్నాడు. సన్యాసిరాజు కంచం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తినండి" అంది ఆవిడ. "ఇంకా మీరే చైర్మన్, సంతకం మీదే కావాలి."

కిటికీల్లో ఇప్పుడు పిల్లలు కూడా ఉన్నారు. తొమ్మిదో తరగతి జడలు, వాటి మధ్య మధులత మొహం. సన్యాసిరాజు కూతుర్ని చూశాడు. కూర్చున్నాడు. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు, మందు మింగినట్టు. మింగాడు. అంతటితో కంచం తోసెయ్యాలి నిజానికి. పొద్దున్నించీ విచారణ హడావిడిలో ఏమీ తినలేదో, ఆ పాత రుచి తగిలిందో, చెయ్యి దానంతటది రెండో ముద్ద కలిపింది. మూడోదీ కలిపింది. గుడ్డు తుంచాడు. గదంతా చూస్తోందని వాడికి గుర్తొచ్చేసరికి కంచం సగం ఖాళీ.

"ఎలా ఉంది?" అంది జ్యోతిర్మయి గారు.

వాడు నీళ్ళు తాగాడు. ఇంకొన్ని తాగాడు.

"రాజా" అంది వరహాలమ్మ, మొట్టమొదటిసారి వాడితో నేరుగా. "తుఫానప్పుడు అడక్కుండానే సెప్పినావు. ఇప్పుడు మేడమ్ అడుగుతన్నారు."

"బాగుంది" అన్నాడు.

"రాయండి" అంది జ్యోతిర్మయి గారు.

పచ్చ సిరా పెన్ను వాడి చేతికే ఇచ్చింది ఆవిడ. ఆ రెండు ముక్కలూ ఎప్పుడూ హెడ్మాస్టరే రాసేవాడు, వాడు కింద చుట్ట చుట్టేవాడు. ఈసారి తనే రాశాడు, ఎంగిలి చెయ్యి కడక్కుండా ఎడమ చేత్తో పుస్తకం నొక్కిపట్టి, రెండో క్లాసు కుర్రాడి రాతలా. పేజీ మీద సాంబారు చుక్క పడింది. దాని కింద వరహాలమ్మ తన అయిదక్షరాలూ పెట్టింది. తొందరపడలేదు, ఒత్తు కూడా సరిగ్గా వచ్చింది. కూడు మీద ఫిర్యాదు అబద్ధమని జ్యోతిర్మయి గారు తన కాగితంలో ఇంకో వాక్యం చేర్చింది.

బెల్లు కొట్టారు.

జ్యోతిర్మయి గారి జీపు గేటు దాటకముందే వంటగది ముందు లైను కట్టేసింది. సోమవారం నించీ సగమే ఉన్న లైను ఇవాళ వరండా మలుపు దాకా ఉంది. కాంతం కొడుకు కేరేజీ ఎక్కడ దాచాడో గాని ఖాళీ కంచంతో నిలబడ్డాడు. వాడికి గరిటెడు తక్కువ వెయ్యాలనిపించింది వరహాలమ్మకి. వేసింది మామూలుగానే. లైను కదులుతోంది. కంచాలు వస్తున్నాయి, పోతున్నాయి, ఒక్కో పిల్ల మొహం చూస్తుంటే ఆవిడకి కోపం తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది. ఈ రెండొందల ఎనభై నోళ్ళూ సోమవారం పలుకుల పప్పు నమలాలి. ఏం పాపం చేశారని?

మధులత వచ్చి కంచం పట్టింది. వారంగా ఆ పిల్ల ఇంటి కేరేజీయే తింటోంది.

"మీ నాన్న తినొద్దన్నాడు కాదేటే?" అంది వరహాలమ్మ, గరిటె పైనే పట్టుకుని.

"ఇప్పుడు ఆయనే తిన్నాడు కదా మామ్మా" అంది మధులత. నవ్వలేదు. ఆ పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి.

వరహాలమ్మ అన్నం వేసింది. గుడ్డు వేసింది. సాంబారు పోస్తూ, పిల్ల మొహం చూడకుండా, తిడుతున్నట్టే చెప్పింది. "మీ అమ్మకి సెప్పు. బోరు నీళ్ళతో పప్పు ఉడకదు, పొద్దు గూకేదాకా మండించినా ఉడకదు. అయిదున్నరకి కుళాయి నీళ్ళు పట్టాల, మూడు బిందెలు. చింతపండు ముందెయ్యకూడదు. ఇన్నావా?"

"నువ్వే చెప్పొచ్చు కదా మామ్మా అమ్మకి."

"మీ గుమ్మం నాను తొక్కను. మీ అమ్మ మొహం సూడను. ఆవిడ కోసమేటి సెప్తన్నాను నాను?" గరిటె డేక్సా అంచుకేసి గట్టిగా కొట్టింది. "ఆ మూడు బిందెలకీ నానడ్డు రాను, సెప్పు. నాలుగోది ఎట్టిందా, జుట్టట్టుకుంతాను. జరుగు, ఎనకాల లైనుంది."